మూడు ఊళ్లలో మూడు మైనాలు
తెలంగాణ ఐటీ, ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ల శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ



నేను హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా యానిమేషన్ రంగంలో ఉన్నాను. బొమ్మలు గీసేవాణ్ని కాదు, కదిలించేవాణ్నీ కాదు. గీసినవాళ్ల దగ్గర్నుంచి కదిలించేవాళ్లకి, వాళ్ల దగ్గర్నుంచి లైటింగు వాళ్లకి ఫైళ్లు చెడిపోకుండా చేరేట్టు చూడటం నా పని. మా వాళ్లు పైప్‌లైన్ అంటారు. మా అమ్మని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో పైపుల పని" అని చెబుతుంది. తప్పేం లేదు. నీళ్లు వచ్చినంత కాలం మా ఊసు ఎవరికీ పట్టదు, ఆగిన రోజు అందరికీ మేమే గుర్తొస్తాం.

ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ విధానం ప్రకటించింది. మరుసటేడు రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కి శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచి నేను వెళ్లిన ప్రతి సభలోనూ చదరపు అడుగులు, సీట్లు, రాయితీలు, ఉద్యోగాల మాటే విన్నాను. అవి వద్దనను. కానీ వేరువేరు కంప్యూటర్ల ముందు కూర్చున్న నలుగురు ఒకే బొమ్మ మీద పనిచెయ్యాలంటే ఏం కావాలన్న మాట మాత్రం వినలేదు. అందుకే ఈ ఉత్తరం. అడగబోయేది ఒక్కటే. దానికి ముందు ఒక పిట్టకథ చెప్పాలి. నిజంగా పిట్ట కథే.

మేం నలుగురం కలిసి పిల్లల కోసం ఏడు నిమిషాల సినిమా చేశాం. బడి గంట మోత నేర్చేసుకుని, పావుగంట ముందే మోగించేసి పిల్లల్ని ఇళ్లకి పంపేసే మైనా కథ. పిట్టని తయారుచేసింది విశాఖ అమ్మాయి, ఆమెది విండోస్. ఈకలకి రంగులు వేసింది డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి, అన్నయ్యది మ్యాక్. లైటింగు ఖమ్మం కుర్రాడిది. వాళ్ల నాన్న కొనిచ్చిన పాత కంప్యూటర్లో లైనక్స్ వేసుకున్నాడు. డబ్బుల్లేక మొదలుపెట్టాడు, ఇప్పుడు డబ్బులిచ్చినా వేరేది ముట్టనంటాడు. మధ్యలో నేను. సాఫ్ట్‌వేర్ మాత్రం అందరిదీ బ్లెండరే. అది మూడింటి మీదా నడుస్తుంది కాబట్టి ఇక గొడవేముంటుందనుకున్నాం.

విశాఖ అమ్మాయి పిట్ట రంగుల కోసం ఒక ఫోల్డర్ పెట్టి, దానికి తెలుగులోనే "మైనా" అని పేరు రాసింది. నేనే ముచ్చటపడి అలాగే ఉంచమన్నాను. డల్లాస్ అన్నయ్య దాన్ని తన పాత ఎక్స్‌టర్నల్ డిస్కులోకి దించుకుని, ఈకలన్నీ కొత్తగా వేసి తిరిగి పంపాడు. ఆఖర్న చేరిన ఖమ్మం కుర్రాడికి ప్రాజెక్టు మొత్తం డల్లాస్ నుంచే దిగింది. మర్నాడు పొద్దున్నే ఫోను.

"సార్, పిట్ట గులాబీ రంగులో ఉంది. డిజైనే అంతా?"

రంగుల ఫైలు దొరక్కపోతే బ్లెండర్ ఆ చోటంతా కళ్లు చెదిరే గులాబీ పూస్తుంది. అంటే ఈకల ఫైలు అతని దగ్గర లేదు. కానీ ఫోల్డర్ ఉంది, అందులో ఫైళ్లూ ఉన్నాయి, ఫొటో తీసి మరీ పంపాడు. విశాఖకి ఫోన్ చేస్తే, "నాకు గులాబీ ఏం లేదన్నా, కానీ పాత ఈకలే కనిపిస్తున్నాయి" అంది. డల్లాస్‌లో మాత్రం కొత్త ఈకలతో మైనా నిగనిగలాడుతోంది. ప్రాజెక్టు ఒకటే, పిట్ట ఒకటే, ఊరికో రంగు.

మూడు రోజులు దీనికే పోయాయి. మూడో రోజు రాత్రి విశాఖ అమ్మాయి స్క్రీన్ చూపిస్తుంటే నాకు "మైనా" ఫోల్డర్లు రెండు కనిపించాయి, పక్కపక్కనే. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటానికి ఏ కంప్యూటరూ ఒప్పుకోదు. ఒప్పుకుందంటే అవి ఒకే పేరు కావన్నమాట. రెండు పేర్లనీ అంకెల్లోకి విప్పి చూశాను. తిరకాసంతా ఐత్వంలో ఉంది.

కంప్యూటర్లో ఒక్కో అక్షర గుర్తుకి ఒక్కో అంకె ఇచ్చే యూనికోడ్‌లో మన ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం కలిపి ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదంటే ఎత్వం ఒక గుర్తు, దాని కింది మెలిక ఇంకో గుర్తుగా రాయొచ్చు. పలక మీద మనం దిద్దింది రెండో పద్ధతే కదా, తల మీద ఎత్వం పెట్టి కింద మెలిక తిప్పేవాళ్లం. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పాత మ్యాక్ డిస్కుల పద్ధతి కూడా అదే చేస్తుంది. ఫైలు పేరులో విడదీయడానికి వీలున్న అక్షరాన్ని విడదీసే దాచుకుంటుంది. కలిపి అడిగినా విడదీసి అడిగినా తను మాత్రం వెతికి ఇస్తుంది, అందుకే డల్లాస్‌లో ఏ ఇబ్బందీ రాలేదు. విండోస్, లైనక్స్ అలా కాదు, ఇచ్చిన పేరు ఇచ్చినట్టే ఉంచుతాయి. కంటికి రెండూ మైనాలే. యంత్రానికి ఒకటి నాలుగు గుర్తుల పేరు, ఇంకొకటి అయిదు గుర్తుల పేరు. ఖమ్మంలో అయిదు గుర్తుల ఫోల్డర్ ఒక్కటే ఉంది, బ్లెండర్ ఫైలు నాలుగు గుర్తుల దాన్ని అడుగుతోంది. విశాఖలో రెండూ ఉన్నాయి, పాత ఈకలున్నది నాలుగు గుర్తుల దాంట్లో.

మన గుణింతంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. మైనా బదులు కాకి కథ రాసుకుని ఉంటే మాకు ఆ మూడు రోజులూ మిగిలేవి.

ఇందులో నేరం ఎవరిదీ కాదని మీరు గమనించాలి. మ్యాక్ తప్పు చెయ్యలేదు, లైనక్సూ చెయ్యలేదు. ఎవరి ఆచారం వారిది. ముందుగా మాట్లాడుకోలేదు, అంతే. ఇంగ్లిషు అక్షరాల్లో ఫైలు పేరు పెడితే మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అన్నది విండోస్‌కి పట్టదు, లైనక్స్‌కి అవి రెండు వేరే ఫైళ్లు. ఒకరికి ప్రాజెక్టు డీ డ్రైవ్‌లో ఉంటుంది, మిగతా ఇద్దరి యంత్రాల్లో డీ డ్రైవ్ అన్న మాటే లేదు. ఖమ్మం కుర్రాడు ఒక ఫోల్డర్‌కి ఇంగ్లిషులో ఏ, యూ, ఎక్స్ అని మూడక్షరాల పేరు పెడితే అది విశాఖలో దిగనే లేదు. డాస్ కాలంలో ఆ పేరు ఒక పరికరానికి కేటాయించారట, విండోస్ ఇప్పటికీ దాన్ని ఇంకెవరికీ ఇవ్వదు. పోయిన తాతగారి పేరు మీదే కరెంటు బిల్లు వస్తుంటుంది చూడండి, అలాగ.

చివరికి మేం ఒక పేజీ నిబంధనలు రాసుకున్నాం. ఫైలు పేర్లలో ఇంగ్లిషు చిన్న అక్షరాలు, అంకెలు, అడుగు గీత తప్ప ఏవీ ఉండకూడదన్నది మొదటిది. తెలుగు సినిమాకి తెలుగు పేరున్న ఫైలు వద్దని రాయడానికి నా చెయ్యి ఆడలేదు. రాశాను మరి.

తెర మీద తెలుగైనా సులువుగా వచ్చిందా అంటే అదీ లేదు. పేర్లు వెయ్యబోతే బ్లెండర్‌లో వత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, అక్షరాలని గీతలుగా మార్చి, ఆ గీతల్ని తెచ్చుకున్నాం. డీటీపీ సెంటర్ల చుట్టూ తిరిగిన తెలుగువాళ్లకి ఈ తిప్పలు కొత్త కావు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన పెళ్లి శుభలేఖని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే వధూవరుల పేర్ల చోట పిచ్చి గుర్తులు కనిపించేవి. యూనికోడ్ 1991లో వచ్చిన తొలి రూపంలోనే తెలుగుంది. అయినా మన అచ్చు పని చాలా ఏళ్లు ఆ పాత ఫాంట్ల మీదే నడిచింది. ఆ కాలంలో కంపోజ్ చేసిన పుస్తకాలని ఇవాళ వెతకడానికి వీలైన తెలుగులోకి మార్చాలంటే ఎంత చాకిరీయో ఏ ప్రచురణకర్తనైనా అడగండి. యానిమేషన్‌లో మనం ఇప్పుడు అక్కడే ఉన్నాం. అందుకే తొందరపడి రాస్తున్నాను.

ప్రపంచంలో ఈ చిక్కు విప్పుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లేమీ ఒకరికొకరు చుట్టాలు కారు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ తాను లోపల వాడుకుంటున్న ఓపెన్ఈఎక్స్ఆర్ అనే చిత్ర ఫార్మాట్‌ని 2003లో అందరికీ ఇచ్చేసింది. కదిలే ఆకారాలని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసే అలెంబిక్‌ని అదే సంస్థ, పోటీదారైన సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్‌తో కూర్చుని తయారుచేసింది. 2011లో బయటికొచ్చింది. పిక్సార్ తన సీన్ల అమరిక పద్ధతిని, యూఎస్‌డీ అంటారు, 2016లో విడుదల చేసింది. ఏ ఏడు ఏ పైథాన్, ఏ కంపైలర్ వాడాలో కూడా 2014 నుంచి అక్కడివాళ్లు ఉమ్మడిగా జాబితా వేసుకుంటున్నారు. 2018లో ఆస్కార్ అకాడమీ, లైనక్స్ ఫౌండేషన్ కలిసి ఇలాంటి పరికరాలకి ఉమ్మడి ఇల్లు కట్టాయి. ఇదంతా దానధర్మం అనుకోకండి. ఒక సినిమా పనిని పది స్టూడియోలు పంచుకునేటప్పుడు ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోకపోతే అందరికీ నష్టమేనని లెక్క వేసుకున్నారు.

మాకు వీటి విలువ తెలిసింది చిన్న విషయాల్లో. ఏడు నిమిషాలంటే సెకనుకి 24 చొప్పున 10,080 ఫ్రేములు. మొదట్లో వీడియోగానే తీద్దామన్నాడు అన్నయ్య. మ్యాక్‌లో తీసిన వీడియో విశాఖలో ఒక ఛాయ తేడాగా కనిపించింది, ఏది అసలు రంగో తేల్చడం మా వల్ల కాలేదు. ఒక్కో ఫ్రేమునీ ఒక్కో ఈఎక్స్ఆర్ ఫైలుగా తీశాక ఆ వాదన ఆగింది. ఖమ్మంలో రాత్రి కరెంటు పోయినా పోయింది ఒక్క ఫ్రేమే. కొమ్మకి కట్టిన ఎర్రగుడ్డ గాలికి ఎగిరే లెక్క కూడా రెండు యంత్రాల్లో రెండు రకాలుగా వచ్చింది, దశాంశాల్లో చివరెక్కడో తేడా. ఆ గుడ్డని ఒక్క చోటే ఎగరేసి అలెంబిక్‌లో పెట్టి పంచుకున్నాం. ఇక ఎక్కడ తెరిచినా ఒకేలా ఎగిరింది.

బ్లెండర్ గురించి ఒక్క ముచ్చట చెప్పకుండా ఉండలేను. టోన్ రోసెండాల్ దీన్ని 1994లో నెదర్లాండ్స్‌లో, సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల మీద మొదలుపెట్టాడు. నడిపే కంపెనీ మూతపడితే 2002లో జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి దాని సోర్స్ కోడ్ విడిపించుకున్నారు, ఏడు వారాల్లో. ఏళ్ల తరబడి దాని ఫైలు తెరిచి మొదటి పన్నెండు అక్షరాలు చూస్తే ఒక పద్ధతి కనిపించేది. ముందు తన పేరు, తర్వాత తాను పుట్టిన యంత్రం 32 బిట్లదా 64 బిట్లదా, అది అంకెలని ఏ కొస నుంచి రాస్తుంది, తాను ఏ వెర్షన్‌ది. ఇంకా లోపల తన సమాచారం ఏ అమరికలో ఉందో చెప్పే పట్టికా ఉంటుంది. పెళ్లిపీటల మీద ప్రవర చెప్పినట్టు, వచ్చిన ఫైలు తన వంశం, గోత్రం తానే చెప్పుకుంటుంది. చదివే యంత్రం దాన్నిబట్టి సర్దుకుంటుంది. ఎదుటివాడి ఇల్లు మన ఇంటిలా ఉండదని మొదటి రోజే ఒప్పుకుని రాసిన సాఫ్ట్‌వేర్ అది. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా "ఫ్లో" దీంట్లోనే తయారైంది. లాట్వియా, ఫ్రాన్స్, బెల్జియం కలిసి చేశాయి.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ చాలాకాలం ఇతరుల పైపుల్లో నీళ్లు మోసిన ఊరు. క్లయింటు ఏ సాఫ్ట్‌వేర్ అంటే అది, ఏ వెర్షన్ అంటే అది, ఫోల్డర్ల పేర్లు కూడా వాళ్లవే. "లైఫ్ ఆఫ్ పై" పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కి ఇక్కడ కూడా స్టూడియో ఉండేది. 2013లో ఆ సినిమాకి ఆస్కార్ రావడానికి కొద్ది రోజుల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. దానికి సొంత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉండేది, పేరు వూడూ. ఒక ఇంటికి మాత్రమే తెలిసిన భాషలో పండితుడైతే ఆ ఇల్లు మూతపడ్డాక ఆ పాండిత్యాన్ని ఎక్కడ చెల్లించుకోవాలి? మన పిల్లలకి ఒక మెనూ బదులు నాలుగు యంత్రాల మధ్య ఫైలు నడిపించే తెలివి నేర్పాలని నేను గొడవపెట్టేది అందుకే.

ఇక అడగాల్సింది అడుగుతాను. కొన్నేళ్ల కిందట ఒక ప్రభుత్వ విభాగం, పేరు చెప్పను, మహిళల భద్రత మీద రెండు నిమిషాల యానిమేషన్ చేయించింది. చక్కగా చేశారు. తర్వాత హెల్ప్‌లైన్ నంబరు మారింది. నంబరు మార్చి ఇమ్మని నా దగ్గరికొచ్చారు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక్క ఎంపీ4 ఫైలు. చేసిన స్టూడియో అప్పటికే మూసేశారు. పాత్రల ఫైళ్లు, ఫాంటు, విడివిడి శబ్దాలు ఏవీ అప్పగించలేదు, ఒప్పందంలో అడగనూ లేదు. పాత నంబరు మీద నీలం పట్టీ వేసి కొత్తది రాసిచ్చాను. బొమ్మలోని ఆవిడ చెయ్యి సగం ఆ పట్టీ కింద పడిపోయింది. గొంతు మళ్లీ రికార్డు చేశాం, పెదాలు మాత్రం ఇంకా పాత నంబరే పలుకుతున్నాయి.

ప్రజల డబ్బుతో చేయించే ప్రతి యానిమేషన్ ఒప్పందంలో ఒక పేరా చేర్పించండి. పూర్తయిన వీడియోతో పాటు పనిచేసిన అసలు ఫైళ్లు, ఈఎక్స్ఆర్ ఫ్రేములు, కదలికలు అలెంబిక్‌లో గానీ యూఎస్‌డీలో గానీ, వాడిన రంగుల అమరిక, యూనికోడ్ ఫాంట్లు వాటి లైసెన్సుతో సహా, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో రాసిన ఒక కాగితం అప్పగించాలి. చివరి బిల్లు చెల్లించే ముందు ఆ ప్రాజెక్టుని చేసినవాళ్ల యంత్రం కాని ఇంకో యంత్రం మీద, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, మీ అధికారి ఎదుట తెరిచి ఒక్క ఫ్రేము రెండర్ చేసి చూపించాలి. సాఫ్ట్‌వేర్ అక్కడ నడవని రకమైతే ఆ ఫార్మాట్ల నుంచైనా ఫ్రేము తెప్పించాలి. ఇది పావుగంట పని. పిట్ట గులాబీ రంగులో వస్తే అప్పుడే తెలిసిపోతుంది.

దీనికి అడ్డం చెప్పేవాళ్లుంటారు. అందరికీ ఒకే రకం కంప్యూటర్లు కొనిస్తే పోతుంది కదా అంటారు. టవర్ లోపల కూర్చున్నవాళ్లకి పోతుంది. ఖమ్మం కుర్రాడికి, తండ్రి అప్పు చేసి కొన్న కంప్యూటరే స్టూడియో అయినవాడికి పోదు. ఓపెన్ ఫార్మాట్లలో అన్నీ ప్రయాణం చెయ్యవు అని కూడా అంటారు. ఈ మాట నిజం. పాత్ర లోపలి ఎముకలు, కీళ్లు, మీటల అమరిక, రిగ్ అంటాం, మాయా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కట్టింది బ్లెండర్‌లోకి సవ్యంగా రాదు. ఎఫ్‌బీఎక్స్ అనే ఫార్మాట్‌లో పంపినా మీటల్లో చాలావరకు రాలిపోతాయి, ఒక్కోసారి మనిషి వందింతలు పెరిగి దిగుతాడు, సెంటీమీటర్లకీ మీటర్లకీ కుదరక. అందుకే అసలు ఫైలూ అడగమంటున్నాను, ఓపెన్ ఫార్మాట్ కూడా అడగమంటున్నాను. ఒకటి మార్పులు చెయ్యడానికి, ఇంకొకటి ఆ సాఫ్ట్‌వేర్ లేని రోజున చూసుకోవడానికి.

స్టూడియోలకి ఖర్చు పెరుగుతుందన్న మాటకి మాత్రం నేను కరగను. ఫైళ్లు సర్ది పెట్టుకోని స్టూడియోకి ఆ ఖర్చు ఎలాగూ ఉంది, రీటేకుల రూపంలో.

ఒప్పందంలో ఈ పేరా వస్తే కాలేజీలు వాటంతట అవే మారతాయని నా నమ్మకం. మొన్నటికి మొన్న ఒక శిక్షణ సంస్థలో మూడేళ్లు చదివిన అమ్మాయి నా దగ్గరికొచ్చింది. చేతిలో మంచి పనితనం ఉంది. కానీ దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ మీద తప్ప నేర్చుకోలేదు, తన ప్రాజెక్టు ఇంట్లో ఒక్కసారీ తెరుచుకోలేదట. కేరళలో ప్రభుత్వ బడి పిల్లలకే లిటిల్ కైట్స్ పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద యానిమేషన్ నేర్పుతున్నారు. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలకి దొరికేది ఇక్కడ ఫీజు కట్టిన డిగ్రీ విద్యార్థికి దొరకలేదు.

మా మైనా సినిమా ఫైళ్లన్నీ ఒక డిస్కులో పెట్టాను. మూడు రకాల యంత్రాలూ చదవగలిగేట్టు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో సర్దాను, ఒక పేజీ నిబంధనలు కూడా అందులోనే ఉన్నాయి. మీ ఆఫీసులో విండోసే ఉందో, మ్యాకే ఉందో, లైనక్సే ఉందో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఏ రోజు రమ్మంటారో కబురు చేస్తే డిస్కు పట్టుకొస్తాను. మీ టేబుల్ మీదున్న కంప్యూటర్లోనే తెరవండి. మైనా నల్లగా, పసుపు ముక్కుతో కనిపిస్తే ఆ పేరా మీద సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ నగరంలో పైపుల పనివాడు